మూలుగ మీద రాసిన కావ్యం

రెండు అణువుల బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండోది అమైనోప్టెరిన్. ఎడమ వైపు ఒకదానికొకటి అతుక్కున్న జంట వలయాలు, నడుమ మరో వలయం, కుడి కొసన గ్లుటామిక్ యాసిడ్. రెండింటికీ అదే ఎత్తు, అదే వంపు, అదే ఒడ్డూ పొడుగూ. తేడా అంతా జంట వలయాల్లో ఒక్క మూలన ఉంది. ఫోలిక్ యాసిడ్‌లో ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్న చోట అమైనోప్టెరిన్‌లో ఒక నైట్రోజన్, రెండు హైడ్రోజన్లు ఉన్నాయి. ఆ ఒక్క మూల మారినందుకు, మొదటి అణువు మన మూలుగలో రక్తం పుట్టడానికి తోడ్పడితే రెండోది ఆ పుట్టుకనే ఆపేస్తుంది.

పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథ చెబుతుంది, భారతకథా చెబుతుంది. పదం ఎక్కడ విరిస్తే అటు కథ నడుస్తుంది. ద్వ్యర్థి కావ్యాల రుచి మరిగిన జాతి మనది. అయినా ఇంత పొదుపైన ద్వ్యర్థిని నేను ఇంకెక్కడా చూడలేదు. కణంలో ఫోలిక్ యాసిడ్‌ను పనికి సిద్ధం చేసే ఎంజైము ఒకటుంది. ఈ రెండో అణువు ఎదురుపడితే అది దీన్నీ ఫోలిక్ యాసిడ్‌గానే చదువుకుంటుంది. దగ్గరికి రానిస్తుంది, తన లోపలి గూటిలో చోటిస్తుంది. ఒకసారి చోటిచ్చాక వదిలించుకోవడం దానికి గగనమవుతుంది. కథ రెండో అర్థంలోకి తిరిగిపోతుంది. కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకోలేక అక్కడే ఆగిపోతుంది.

ఈ ద్వ్యర్థి 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో తయారైంది. అక్కడ పరిశోధనకు పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 53 ఏళ్ళకే న్యూయార్కులో నిద్రలో కన్నుమూసిన మనిషి.

ఆయన పేరెత్తగానే మనకు ముందు గొంతు పూడుకుపోతుంది. నోబెల్ రాలేదు, రావలసిన పేరు రాలేదు, సముద్రం దాటినవాడు మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. ఇవన్నీ నిజాలే. కానీ శోకాన్ని స్థాయీభావంగా పెట్టుకుని చదివినంతకాలం కవి కనిపిస్తాడు తప్ప కావ్యం కనిపించదు. కన్నీటిపొర అడ్డం వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: సుబ్బారావు పరిశోధన జీవితానికి అంగిరసం అద్భుతం. అందులో కరుణ లేదనను. ఉంది, చాలా బలంగా ఉంది. కానీ అది అంగంగా ఉంది, పైగా మనం వెతుక్కునే చోట లేదు.

కథ మద్రాసులోనే మొదలుపెట్టాలి. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లో. ఆ తర్వాత మెరీనాకు ఎదురుగా ప్రెసిడెన్సీ కాలేజీ. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుందామనుకుంటే తల్లి వెంకమ్మ ఒప్పుకోలేదు, దారి వైద్యం వైపు మళ్ళింది. సెంట్రల్ స్టేషన్ ఎదుట, 1835 నుంచీ ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలో సీటు. గాంధీ పిలుపు విని ఆపరేషన్ గదికి ఖద్దరు గౌను వేసుకెళ్ళడం, సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం రావడం, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవడం మనవాళ్ళు పదే పదే చెప్పుకున్న ఘట్టం. దాన్ని ఇక్కడ దాటేస్తాను. నన్ను ఆపేది దాని తర్వాత వచ్చే చిన్న ఘట్టం.

ప్రభుత్వ కొలువు దొరకక, ఆచంట లక్ష్మీపతి గారు మద్రాసులో నడిపిన ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావు శరీరశాస్త్రం చెప్పారు. ఆయనకు స్ప్రూ జబ్బు చేసినప్పుడు కుదిర్చిన వైద్యుడూ లక్ష్మీపతి గారే. మనవాళ్ళు సంగ్రహణి అనేవారే, ఆ తీరు జబ్బు. అదే జబ్బు ఆయన అన్నదమ్ముల్లో ఇద్దర్ని ఎనిమిది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. స్ప్రూలో పేగు తిండిని లోపలికి తీసుకోవడం మానేస్తుంది. నాలుక పుండవుతుంది, మనిషి ఎండిపోతాడు, మూలుగ పస్తు పడుతుంది. పస్తున్న మూలుగ పండని ఎర్ర కణాల్ని, ఉండవలసినదానికంటే పెద్దవాటిని, తక్కువ తక్కువగా రక్తంలోకి నెడుతుంది. ఏదో ఒక పదార్థం అందడం లేదని శరీరం చెబుతూనే ఉంటుంది. ఆ పదార్థం ఏమిటో ఆనాడు లోకంలో ఏ వైద్యుడికీ తెలియదు.

నాటకం చదివేవాళ్ళు ఇలాంటిదాన్ని బీజం అంటారు. మొదటి అంకంలో నేల మీద పడిన గింజ ఫలం అయ్యేదాకా ఎక్కడా కనిపించకపోవచ్చు. ఆ పదార్థాన్ని వెతుకుతాననే పంతంతోనే సుబ్బారావు ఓడ ఎక్కారని నేననను. జీవితాలు అంత తిన్నగా నడవవు. కానీ స్ప్రూతో పస్తున్న మూలుగకు అన్నం పెట్టగల ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. అది మనుషుల చేతులతో తయారై సీసాల్లోకి వచ్చింది ఆయన నడిపిన బృందం నుంచి. మొదటి అంకానికీ నాలుగో అంకానికీ మధ్య పాతికేళ్ళ దూరం ఉంది. ఆ దూరాన్ని కలుపుతూ సాగిన ఈ కథ కట్టుబడి చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరారు. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం, మామగారి సాయం చేతిలో ఉన్నా చాలలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలెత్తే పని చేస్తూ ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా తెచ్చుకున్నారు. తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కీ దగ్గర చేరారు. ఇక్కడ కావ్యంలో మొదటి రంగు కనిపిస్తుంది. నీలం.

రక్తంలో, కండలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడం ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి. ఫిస్కీ, సుబ్బారావు 1925లో ప్రకటించిన పద్ధతి తేట నీరంత సులువుగా ఉంటుంది. ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో కలిపి, దాన్ని క్షయకరణం చేస్తే ద్రావణం నీలి రంగు తేలుతుంది. నీలం ఎంత గాఢమో ఫాస్ఫరస్ అంత. పుస్తకం ఇంతవరకే చెబుతుంది, పరీక్షలో రాయడానికి ఇంతే చాలు. రసం దీని తర్వాత ఉంది.

తూచి కలిపిన ఫాస్ఫేట్ ద్రావణంలో నీలం వెంటనే నిండుగా వచ్చేది. కండ నుంచి తీసిన రసంలో మాత్రం ఆలస్యంగా వచ్చేది. మెల్లగా, కాస్త కాస్తగా చిక్కబడేది. మామూలు మనిషి రసాయనం పాడైందనుకుంటాడు, లేకపోతే ఇంకాసేపు ఆగి చివరి రంగు కొలుచుకుని లెక్క రాసుకుంటాడు. వీళ్ళిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. రంగు తోసుకుని రాకుండా ఎందుకు వెనకాడుతోంది? కండలో ఫాస్ఫేట్ విడిగా లేదు. ఇంకొక పదార్థాన్ని అంటిపెట్టుకుని ఉంది. ఆ పట్టు ఎంత సుతారంగా ఉందంటే, కొలవడానికి వేసిన ఆమ్లంలోనే కొంచెం కొంచెంగా విడిపోతోంది. విడిపోయినంత మేరకే నీలం తేలుతోంది. అలా దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. రెండేళ్ళకు, కణాలకు శక్తినందించే ఏటీపీ అణువు బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు దాన్ని పట్టుకున్నారు. కండ కదలడానికి కావలసిన శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకు అప్పటిదాకా ఉన్న జవాబు మారిపోయింది.

గొప్ప గాయకుడు ఒక స్వరం దగ్గర రెప్పపాటు ఆగితే రాగం తెలిసిన శ్రోత ఆ ఆగడంలో అర్థం వింటాడు. సుబ్బారావు చూపులో ఉన్న గుణం అదే. రంగు చూడ్డం అందరికీ వచ్చు. రంగు రావడానికి పట్టిన వేళను చూడ్డం ఆయన దగ్గర నేర్చుకోవాలి. క్యాన్సర్ మందు దాకా ఆయన్ని నడిపించింది ఈ చూపేనని నేను నమ్ముతాను. అక్కడ కూడా ఎదురు నడిచిన ఒక ఫలితాన్ని తోసెయ్యకుండా, అది ఏం చెబుతోందో వినవలసి వచ్చింది.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీకి మారారు. ఇక్కడ రంగు పసుపుకు తిరుగుతుంది. ఫోలిక్ యాసిడ్ నారింజ ఛాయ పసుపు స్ఫటికం. దాని జంట వలయాల కుటుంబానికి చెందిన వర్ణద్రవ్యాలే కొన్ని జాతుల సీతాకోకచిలుకల రెక్కలకు పసుపునిస్తాయి. రసాయనవేత్తలు ఈ కుటుంబాన్ని మొదట గుర్తుపట్టింది కూడా ఆ రెక్కల మీదే. తోటలో ఎగిరే పసుపుకూ మన మూలుగలో రక్తం పుట్టించే పసుపుకూ చుట్టరికం ఉందన్న మాట విన్న రోజున నాకు లోకం కొంచెం దగ్గరికి జరిగినట్టు అనిపించింది.

ఈ పసుపు జాడ తొలిగా తగిలింది మన దేశంలోనే. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని లూసీ విల్స్ 1931లో చూపించారు. ఆ సారంలో ఉన్నదేమిటో ఆమెకు తెలియదు. 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడంత తీసి దానికి పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు నలిపితే చిటికెడు వచ్చే పదార్థం రోగి నోట్లోకి చేరే దారి ఒక్కటే: దాని అణువు కట్టుబడి కనిపెట్టి, మొదటి నుంచీ మన చేత్తో కట్టాలి. 1945, 46లలో లెడర్లీ బృందం ఆ పని చేసింది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఈ కావ్యానికి కర్త ఒక్కడు కాదు. స్టోక్‌స్టాడ్ కాలేయం నుంచీ సూక్ష్మజీవుల నుంచీ పదార్థాన్ని వేరుచేశారు. రాబర్ట్ ఆంజియర్ మొదలైన రసాయనవేత్తలు అణువును కట్టారు. తర్వాత అమైనోప్టెరిన్‌ను ప్రకటించిన పత్రంలో మొదటి పేరు డోరిస్ సీగర్ అనే మహిళది. సుబ్బారావు అక్కడ సూత్రధారుడు. సూత్రధారుడు నాంది పలికి తెర వెనక్కి వెళ్ళిపోతాడు, పాత్రలు రంగం మీద ఆడతాయి. ఆయన పేరు లేని పత్రాలు చూసి మనం నొచ్చుకుంటాం. నాకైతే అందులో ఒక నాటకశిల్పం కనిపిస్తుంది. ఎవరు ఏది వెతకాలో, ఏ మలుపులో ఎటు తిరగాలో చెప్పే పని కూడా కవిత్వమే. ఆయన్ని ఒంటరి మేధావిగా నిలబెట్టాలనుకునే మన ఉబలాటం ఈ శిల్పాన్ని చెరిపేస్తోంది.

ఇప్పుడు కరుణ దగ్గరికి వస్తాను.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవారు. ల్యుకేమియా పిల్లల శవపరీక్షలు చేసి చేసి విసిగిన మనిషి. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు పలికితే వారాల్లోనో, కొద్ది నెలల్లోనో ముగింపు. ల్యుకేమియాలో మూలుగ పండని తెల్ల కణాల్ని ఆగకుండా కంటూ పోతుంది. రక్తహీనతలో పండని కణాలు ఫోలిక్ యాసిడ్ అందితే పండుతున్నాయి కదా, ఇక్కడా పండుతాయేమోనన్న ఆశ. ఆశ తప్పు కాదు. లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ యాసిడ్ రూపాలను ఫార్బర్ పిల్లలకిచ్చారు. జబ్బు తగ్గలేదు. వేగం పుంజుకుందని ఆయనకు తోచింది. మూలుగకు పెట్టిన అన్నాన్ని ఆ దారి తప్పిన కణాలే ముందు తినేశాయి.

సుబ్బారావు జీవితంలో కరుణరసానికి స్థానం నాకు ఇక్కడ కనిపిస్తుంది. ఆయనకు దక్కని బహుమతిలో కాదు, పేరు తెలియని ఆ పిల్లల మంచాల దగ్గర. తమ్ముడికో అన్నకో అంది ఉంటే బతికించగలిగిన పదార్థం, పాతికేళ్ళు ఆలస్యంగా చేతికందాక, ఇంకొకరి బిడ్డ విషయంలో చెడు చేసింది. దీని మీదుగా త్వరగా నడిచి గెలుపు దగ్గరికి వెళ్ళకూడదు. ఆగాలి. ఎవరి పసిప్రాణాల మీద ఈ జ్ఞానం దొరికిందో వాళ్ళకు మనం ఆ ఆగడమైనా బాకీ.

ఆగిన తర్వాతే మలుపులోని అద్భుతం కనిపిస్తుంది. అన్నం పెడితే జబ్బు బలిసిందంటే, ఆ కణాలు అన్నానికి అంతగా ఆశపడుతున్నాయన్నమాట. అయితే అన్నంలా కనిపించి అన్నం కానిదాన్ని పెడితే? ఫార్బర్ ఆ దిశగా తిరిగి సుబ్బారావును అడిగారు. లెడర్లీలో ఫోలిక్ యాసిడ్‌ను కట్టడం నేర్చిన చేతులకు దాన్ని ఏ మూలన ఎలా మార్చాలో తెలుసు. పెంచడం తెలిసినవాడికే ఆపడం తెలుస్తుంది, జ్ఞానం ఒక్కటే. 1947 చివర్లో అమైనోప్టెరిన్ బోస్టన్ చేరింది. 1948 జూన్‌లో ఫార్బర్ పత్రం వెలువడింది. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఉబ్బిన ప్లీహాలు దిగాయి, మంచం పట్టినవాళ్ళు లేచి నడిచారు. ల్యుకేమియా మందుకు లొంగి వెనకడుగు వేయడం వైద్యం కళ్ళారా చూసింది.

ఆ పత్రం శీర్షికలోనే ఈ ఉపశమనం తాత్కాలికం అని రాసి ఉంది. అంత గొప్ప వార్త చెబుతూ, దాని హద్దును నెత్తిన పెట్టుకుని వచ్చిన శీర్షిక. ఔచిత్యం అనే గుణానికి నేను చూపించదలచిన ఉదాహరణల్లో ఇదొకటి. రెండు నెలలు తిరిగేసరికి, ఆగస్టులో, సుబ్బారావు పోయారు.

ఆ అణువులోని అసలు చమత్కారం ఆయన బతికుండగా ఎవరికీ కనిపించలేదు. అమైనోప్టెరిన్ మరీ తీక్ష్ణమని దానికి ఒక చిన్న మిథైల్ గుంపు చేర్చిన రూపాన్ని వైద్యులు ఎంచుకున్నారు. అదే మెథోట్రెక్సేట్. అదీ లెడర్లీ సంతానమే. 1950లలో ఈ మందులు ఏ ఎంజైమును పట్టుకుంటాయో తెలిసింది: డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. 1970ల చివర్లో ఆ ఎంజైము స్ఫటికంగా మారి, ఎక్స్‌రేల వెలుగులో తన గూటిని చూపించింది. అందరూ అనుకున్నది ఏమిటంటే, మెథోట్రెక్సేట్ అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే ఆ గూటిలో కూర్చుంటుందని. తీరా చూస్తే జంట వలయాలు సగం చుట్టు తిరిగి, వెనక్కి తిప్పి పెట్టినట్టు కూర్చున్నాయి. ఆ మార్చిన మూల వల్ల వలయం ఒక ప్రోటాన్‌ను పట్టుకుంటుంది. ఎంజైము లోతులో ఉన్న ఆమ్లపు కొసతో గట్టి బంధం వేసుకుంటుంది. సహజ ఫోలేట్ కంటే వెయ్యి రెట్ల గట్టి పట్టు.

పోలిక తలుపు తీయిస్తుంది, తేడా లోపలి నుంచి గడియ పెడుతుంది. కట్టినవాళ్ళకే తెలియని అందం ఇది. గొప్ప పద్యాల్లో కవి ఎరగకుండా కుదిరిన ధ్వని ఉంటుందని మన ఆలంకారికులు చెబితే పూర్వం నాకు నమ్మకం కుదిరేది కాదు. ఈ సగం చుట్టు చూశాక నమ్మాను.

ఇక ఆ తాత్కాలికం అన్న మాట. ఎందుకు తాత్కాలికం? జవాబు మళ్ళీ మూలుగలోనే ఉంది, కానీ దాన్ని చదవడానికి ఇంకో తరం పట్టింది. 1961లో టొరంటోలో టిల్, మెక్‌కల్లక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకల ప్లీహాల మీద చిన్న బొడిపెలు లెక్కపెట్టారు. ఒక్కో బొడిపె ఒక్క కణం సంతానమని, ఆ ఒక్క కణం నుంచి పలు రకాల రక్తకణాలు పుట్టగలవని తేలింది. రక్తపు మూలకణాలు అలా లెక్కలోకి వచ్చాయి. రోజుకు కోట్లకు కోట్లుగా కణాల్ని పుట్టించే మూలుగలో ఈ మూలకణాలు బహు కొద్ది, పైగా చాలాసేపు నిద్రలో ఉంటాయి. పని వాటి పిల్లలు చేస్తాయి. 1990లలో అదే టొరంటోలో జాన్ డిక్, మైలాయిడ్ రకపు ల్యుకేమియాలో కూడా ఇలాంటి మూలకణాలుంటాయని, జబ్బును మళ్ళీ మొలిపించే శక్తి వాటిదేనని చూపించారు.

మెథోట్రెక్సేట్ డీఎన్‌ఏకు నకలు తీసుకుంటున్న కణాన్నే పట్టుకోగలదు. నిద్రపోయే కణానికి ఆకలి లేదు. ఆకలి లేనిదాన్ని పస్తు పెట్టలేం. మన సొంత మూలకణాలు ఆ నిద్ర వల్లే మందును తట్టుకుని మూలుగను మళ్ళీ పచ్చగా చేస్తాయి. నెమ్మదిగా విభజించే రోగకణాలు కూడా అదే నిద్ర చాటున తప్పించుకుంటాయి. మనల్ని కాపాడేదీ, జబ్బును కాపాడేదీ ఒకటే గుణం. ఫార్బర్ పిల్లల్లో జబ్బు తిరిగి రావడానికి ఒక కారణం ఇదైతే, కణాలు మందుకు అలవాటు పడి ఎదురుతిరగడం ఇంకో కారణం. నిద్రపోయేదాన్ని పట్టాలంటే అది మేలుకునే దాకా కాపలా కాయాలి. పిల్లల ల్యుకేమియా చికిత్స రెండేళ్ళకు పైగా సాగడంలో ఉన్న తర్కం ఇదే. కండ రసంలో నీలం ఆలస్యంగా రావడాన్ని చదివిన కన్ను గుర్తుకొస్తుంది నాకు. ఈ చికిత్సలో కూడా అసలు ఛందస్సు కాలానిది.

ఆ కాపలా మద్రాసులో ఎవరు కాశారో చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. సుబ్బారావు కంటే కొన్నేళ్ళు ముందు, 1912లో అదే మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి పట్టా తీసుకున్నవారు ముత్తులక్ష్మి రెడ్డి. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన దుఃఖం ఆమెను వదల్లేదు. 1954 జూన్ 18న అడయారులో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. కొడుకు కృష్ణమూర్తి దాన్ని నిలబెట్టారు. 1955లో వి. శాంత వచ్చి చేరారు. ఆమె కూడా అదే కాలేజీ బిడ్డ, 1949 పట్టా, అంటే ఫార్బర్ పత్రం వెలువడిన మరుసటి ఏడు. 2021 జనవరిలో 93 ఏళ్ళ వయసులో పోయేదాకా ఆమె ఇల్లూ వాకిలీ ఆ ఆసుపత్రే. అన్నదమ్ముల చావుతో ఒకరు, చెల్లెలి చావుతో ఒకరు. ఒకే కాలేజీ మెట్లెక్కిన ఈ ఇద్దరి శోకాలూ రెండు ఖండాల్లో వేరువేరుగా పనికి దిగి చివరికి ఒకే పిల్లవాడి మంచం దగ్గర కలుసుకున్నాయి.

కలుసుకున్న చోటుకు ఒక పొడి పేరుంది: ఎంసీపీ-841. 1980ల మధ్యలో ముంబయి టాటా ఆసుపత్రి, దిల్లీ ఎయిమ్స్, అడయారు ఇన్‌స్టిట్యూట్ అమెరికా నిపుణులతో కలిసి పిల్లల ల్యుకేమియాకు ఒకే తీరు చికిత్సా క్రమం అమలు చేశాయి. అందులో మెథోట్రెక్సేట్‌ను వెన్ను నీటిలోకి సూదితో ఎక్కిస్తారు, ఎందుకంటే రక్తం నుంచి మెదడు పొరల్లోకి మందు సరిగ్గా చేరదు, రోగకణాలు మాత్రం చేరి దాక్కుంటాయి. తర్వాత నెలల తరబడి వారానికోసారి మాత్రలుగా ఇస్తారు. చిన్న పసుపు మాత్రలు. వాటితో పాటు రోజూ మెర్కాప్టోప్యూరిన్. దాన్ని తయారుచేసినవారు గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్. ఈ హిచింగ్స్ హార్వర్డ్‌లో సుబ్బారావుతో ఒకే శాఖలో, అదే ఫిస్కీ దగ్గర పనిచేసిన మనిషి. ఒక చూరు కింద పరిశోధన నేర్చుకున్న ఇద్దరి మందులు, అర్ధశతాబ్దం తర్వాత నెల్లూరు నుంచో తిరుపతి నుంచో సెంట్రల్‌లో దిగి అడయారు చేరిన పిల్లవాడి అరచేతిలో పక్కపక్కన ఉంటాయి. సంపన్న దేశాల్లో నేడు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందికి ఎనిమిది, తొమ్మిది మంది బతికి పెద్దవాళ్ళవుతున్నారు. మన దేశంలో ఆ లెక్క ఇంకా అంత దూరం రాలేదు. చికిత్స మధ్యలో ఆపేసి ఊరెళ్ళిపోవలసిన పేదరికం అందులో ఒక పెద్ద కారణం. అడయారులో శాంత గారు జీవితమంతా పోరాడింది ఆ కారణంతో కూడా.

నేను ఈ కావ్యంలో అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించే ఘట్టం ఇంకొకటి మిగిలింది. కొన్ని రకాల ల్యుకేమియాలోనూ, పిల్లల్లో వచ్చే ఎముక క్యాన్సర్‌లోనూ మెథోట్రెక్సేట్‌ను భరించరానంత పెద్ద మోతాదులో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అలాగే వదిలేస్తే మూలుగ, నోటి పొర, పేగు పొర అన్నీ పస్తుతో చచ్చిపోతాయి, మనిషీ బతకడు. వదలరు. గడియారం చూసుకుని, మందు మొదలుపెట్టిన రెండో రోజున, రక్తంలో అది ఎంత మిగిలిందో కొలుస్తూ ల్యూకోవొరిన్ ఇస్తారు. ల్యూకోవొరిన్ అంటే ఫోలిక్ యాసిడ్ కుటుంబంలోదే, ఆ గడియ పెట్టిన ఎంజైముతో పని లేకుండా కణానికి నేరుగా అందే రూపం. మంచి కణాలు దాన్ని అందుకుని తేరుకుంటాయి. ఒకే బిడ్డకు, ఒకే మంచం మీద, మొదట రెండో అర్థం, వెనువెంటనే మొదటి అర్థం. సుబ్బారావు బృందం ఇరవయ్యో శతాబ్దం నడుమ కొన్నేళ్ళలో పూర్తిచేసిన రెండు సగాలూ ఇప్పుడు ఒక నర్సు చార్టులో రెండు వరుసలుగా ఉంటాయి. మొదటి వరుసకూ రెండో వరుసకూ నడుమ ఎన్ని గంటలుండాలో వైద్యులు రక్తపరీక్ష చూసి నిర్ణయిస్తారు. రెండో వరుస ఒక్క పూట ఆలస్యమైనా బిడ్డ నోరు పుండు కావచ్చు, మూలుగ దెబ్బతినవచ్చు. అందుకే ఆ రోజున ల్యూకోవొరిన్ వేళ తప్పకూడదు.